ఎన్నాళ్ల నుంచి?

మా అప్ప మోకాలి వెనక గడ్డకు సంబంధించిన మూడు కాగితాలు నా దగ్గరున్నాయి. మొదటిది 2022 మే నెలలో విజయనగరంలోని ఒక ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు. రెండోది ఆపరేషన్ చేసిన డాక్టరు తీసిన గడ్డతో పాటు ఆ ల్యాబ్‌కి పంపిన ఫారం. మూడోది 2023 సెప్టెంబరులో విశాఖపట్నంలో ఇచ్చిన రిపోర్టు. మొదటి కాగితం ప్రకారం అప్పకి భయపడాల్సిందేమీ లేదు. మూడో కాగితం ప్రకారం అది సార్కోమా. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, కాగితాలు చదవడం తప్ప నాకు వేరే పని రాదు. ఈ మూడింటినీ ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. తప్పెక్కడ జరిగిందా అని వెతుకుతూ వెతుకుతూ చివరికి నేను ఆగిపోయింది రెండో కాగితం దగ్గర, అందులో ఒకే ఒక్క గడి దగ్గర.

ఆ ఫారం అరపేజీ ఉంటుంది. పేరు, వయసు, స్త్రీయా పురుషుడా, ఒంట్లో ఎక్కడి ముక్క, ఎన్నాళ్ల నుంచి ఉంది, డాక్టరు అనుమానం ఏమిటి. మా అప్ప ఫారంలో ఉన్నదింతే: 38 ఏళ్లు, స్త్రీ, కుడి మోకాలి వెనక వాపు, 2 నెలలు, లైపోమా? చివర ప్రశ్నార్థకం డాక్టరుగారిదే. లైపోమా అంటే కొవ్వు గడ్డ.

రెండు నెలలన్న మాట అబద్ధం. అయితే ఎవరూ అబద్ధమాడలేదు. అదెలాగో చెప్పాలంటే ముందు అప్ప గురించి చెప్పాలి.

మాది గజపతినగరం. చంపావతి ఒడ్డున పెరిగాం ఇద్దరం. నాన్న పోయిన ఏడాది అప్ప ఏడో తరగతితో బడి మానేసి కుట్టు మిషను ముందు కూర్చుంది. నేను చదువుకున్నాను. నా డిగ్రీ ఫీజులూ, పీజీ హాస్టలు బిల్లులూ అప్ప కుట్టిన జాకెట్లలోంచే వచ్చాయి. ఇది త్యాగం అని ఎవరైనా అంటే అప్పకి కోపం. "మరేటి, ఇద్దరం ఒకే మిషను మీద కూకోలేం కదే" అంటుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. ఆ తర్వాత కొద్ది రోజులకే దసరా, ఆ వెనకే విజయనగరం పైడితల్లి సిరిమాను పండగ. పండక్కి జాకెట్లు కుడుతున్నప్పుడు మొదటిసారి మోకాలి వెనక ఏదో చేతికి తగిలిందట, శనగగింజంత. తొక్కుడు మిషను కదా, తొక్కీ తొక్కీ కండ కట్టిందనుకుంది. 2020 సంక్రాంతికి నేను ఇంటికెళ్లినప్పుడు డాబా మీద తల దువ్వుకుంటూ చీర కొంచెం పైకి జరిపి చూపించింది. "ఏటే ఇది, మిషను తొక్కితే ఒచ్చిందంటావా?" అంది. నేను ఒక వేలితో నొక్కి చూశాను. రెండో చేతిలో ఫోనుంది. "నొప్పి లేదు కదా, కొవ్వు గడ్డయి ఉంటుందిలే" అన్నాను. అప్పుడు నేను ఏ పనిలో ఉన్నానో చెప్పాలంటే సిగ్గేస్తోంది. స్త్రీల మౌఖిక కథనాల్లో మౌనం ఎక్కడెక్కడ ఉంటుందన్నది నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం. ఆ సెలవుల్లో దాన్ని దిద్దుకుంటున్నాను.

గడ్డ గురించి అప్ప నాతో మళ్లీ మాట్లాడలేదు. పెద్ద చదువు చదివిన చెల్లెలు చెప్పాక ఇంకేం ఉంటుంది? 2022 మార్చిలో కాలు ఈడ్చి నడుస్తుంటే బావ చూశాడు. ఆయనకి తెలిసింది అప్పుడే. రెండు నెలలు పసర్లూ కట్లూ అయ్యాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు తల వంచి రాస్తూనే "ఎన్నాళ్ల నుంచి?" అనడిగాడు. బావ "రెండు నెల్లండి" అన్నాడు. ఆయనకు తెలిసిన నిజం అదే. అప్ప రెండడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని ఉంది.

"నువ్వెందుకు చెప్పలేదు?" అని తర్వాత అడిగాను.

"నన్నడగనేదు కదే" అంది.

గడ్డ చిన్నదే, ఉసిరికాయంత. మత్తు సూది వేసి అడ్డంగా కోసి తీసేశారు. సాయంత్రానికి ఇంటికి పంపేశారు. స్కానింగు లేదు. అయితే ఒక్క మేలు చేశారు, తీసిన దాన్ని పారేయకుండా సీసాలో వేసి ల్యాబ్‌కి పంపారు. చిన్న ఊళ్లలో ఇదీ జరగదని తర్వాత తెలిసింది. "కొవ్వే" అని చెప్పి చెత్తబుట్టలో వేసేయడం మామూలట. కొన్నిసార్లు ఫార్మలిన్‌కి బదులు సెలైన్లో వేసి పంపుతారు. ల్యాబ్‌కి చేరేసరికి కణాలు పాడైపోయి చదవడానికి ఏమీ మిగలదు.

రిపోర్టులో ఉన్న పేరు నాడ్యులర్ ఫేసియైటిస్. ఇంటర్నెట్లో వెతికాను. కండల మీది పొరలో వారాల్లో గబగబా పెరిగే గడ్డ. క్యాన్సర్ కాదు, కోయకపోయినా చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఊపిరి పీల్చుకున్నాం. పైడితల్లికి కొబ్బరికాయ కొట్టాం. ఏడాది తిరిగేసరికి ఆ అడ్డకోత మచ్చ కిందే మళ్లీ లేచింది. ఈసారి నిమ్మకాయంత. ఈసారి రాత్రిళ్లు సలుపు.

విశాఖపట్నంలో కథ మరోలా నడిచింది. కత్తి పట్టే ముందు ఎమ్మారై తీశారు. తర్వాత లావుపాటి సూదితో చిన్న చిన్న ముక్కలు తీశారు. రేపు పెద్ద ఆపరేషన్ చేయబోయే సర్జనే ఆ సూది ఎక్కడ గుచ్చాలో గుర్తు పెట్టి చూపించాడు. సూది వెళ్లిన దారి కూడా తర్వాత కోసి తీసేయాలట. కాలి మీదైతే ఆ కోత నిలువుగా ఉండాలట. అప్ప పాత మచ్చ చూసి ఆయన ఏమీ అనలేదు. స్కేలుతో కొలిచి రాసుకున్నాడు, అంతే. పాథాలజీ విభాగం వాళ్లు పాత స్లైడ్లూ మైనపు దిమ్మలూ కావాలన్నారు. ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పోతపోసి ల్యాబ్‌లు ఏళ్ల తరబడి దాస్తాయనీ, మనం అడిగి తీసుకోవచ్చనీ నాకప్పటిదాకా తెలియదు. బావ విజయనగరం వెళ్లి తెచ్చాడు. అప్ప గడ్డ ఆయన చొక్కా జేబులో, అగ్గిపెట్టెకన్నా చిన్నదిగా, బస్సెక్కి విశాఖ వచ్చింది. దాంతో పాటే ఆ ఫారం నకలు.

వాటిని ఇవ్వడానికి వెళ్లినప్పుడు పాథాలజిస్టును చూశాను. యాభై దాటిన మనిషి. నా ఉద్యోగం ఏమిటని అడిగి, సాహిత్యం అన్నాక నవ్వి, విద్యార్థుల కోసం పెట్టిన రెండో కంటిగొట్టంలోంచి చూడమన్నారు. నీలం, గులాబీ. కేంద్రకాలకు నీలం పట్టేది హెమటాక్సిలిన్, మిగతాదానికి గులాబీ పట్టేది ఇయోసిన్. గ్రీకుల ఉషస్సు దేవత పేరట ఆ రంగుది. ఆ ఉషస్సు వెలుతురులో అప్ప కణాలు కనిపించాయి. సన్నగా, పొడుగ్గా, అన్నీ ఒకే పోలికలో, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా, ఈదే చేపపిల్లల గుంపుల్లా. నాకు అందంగానే అనిపించాయి. ఆ మాటే అన్నాను.

"అక్కడే మోసపోతాం" అన్నారావిడ.

ఆ తర్వాత గంటసేపు ఆవిడ చెప్పింది నా భాషలో రాస్తున్నాను. మృదు కణజాలంలో, అంటే కొవ్వు, కండ, నరాలు, రక్తనాళాలు, వాటిని పట్టి ఉంచే పొరల్లో పుట్టే గడ్డల్లో మంచివే చాలా ఎక్కువ. ఒక సార్కోమాకి వంద మంచి గడ్డలైనా ఉంటాయి. పెద్దవాళ్లకొచ్చే క్యాన్సర్లలో సార్కోమా నూటికి ఒకటి. ఊళ్లో డాక్టరు తన జీవితంలో ఒకటో రెండో చూస్తాడు. అందుకే ప్రతి గడ్డా ఆయన కంటికి కొవ్వు గడ్డే. లోతుగా ఉన్నది, అయిదు సెంటీమీటర్లు దాటినది, పెరుగుతున్నది, తీశాక మళ్లీ వచ్చినది అయితే కోయకముందే స్కానింగు, సూది పరీక్ష చేయించాలని ఒక సూత్రం ఉంది. మంచి సూత్రమే. కానీ మా అప్ప గడ్డ దాన్ని తప్పించుకుంది. మొదట అది రెండున్నర సెంటీమీటర్లే.

ఇక మైక్రోస్కోపు కింద కష్టం ఇంకో రకం. వికారంగా కనిపించేదల్లా చెడ్డది కాదు. నరాల పొరలో పుట్టే స్క్వానోమా అనే మంచి గడ్డ ఏళ్లు గడిచి ముదిరితే దాని కణాలు వంకరటింకరగా, భయపెట్టేలా తయారవుతాయి. అయినా హాని చేయదు. ఒద్దికగా, ఒకే తీరుగా, ఎవరి గీత వాళ్లు దాటకుండా ఉన్నట్టు కనిపించే కణాలు ప్రాణం తీయొచ్చు. అప్పకొచ్చిన సైనోవియల్ సార్కోమా ఆ రెండో జాతి. నాకెందుకో మా ఇళ్లల్లో ఆడపిల్లల్ని మెచ్చుకునే మాటలు గుర్తొచ్చాయి. ఆవిడతో అనలేదు.

నాడ్యులర్ ఫేసియైటిస్ దీనికి సరిగ్గా తిరగబడ్డ మోసం. గబగబా పెరుగుతుంది, మైక్రోస్కోపు కింద విభజన చెందుతున్న కణాలు విరివిగా కనిపిస్తాయి, చూస్తే సార్కోమా అనే అనిపిస్తుంది. 1955లో కాన్వాలర్, లూయిజా కీస్బీ, కాప్లాన్ కలిసి దాన్ని విడదీసి చూపించి, ఇది సార్కోమాలా నటిస్తుందే తప్ప సార్కోమా కాదన్నారు. వాళ్లలో కీస్బీ స్త్రీ. అంతకుముందు ఈ హానిలేని గడ్డ కోసం ఎంతమందికి అక్కర్లేని పెద్ద ఆపరేషన్లు జరిగి ఉంటాయో! 2011లో దాని వెనకున్న జన్యువు యూఎస్‌పీ6 అని కూడా తేలింది. అంటే దాన్ని గుర్తుపట్టడం మంచి పాథాలజిస్టు లక్షణం. విజయనగరంలో ఆ రిపోర్టు రాసినవాళ్లు చదువు లేక రాయలేదు. కాలి మీద చిన్న గడ్డ, రెండు నెలల్లో లేచింది, పొడుగు కణాలు. ఆ మూడూ కలిస్తే వచ్చే మొదటి పేర్లలో అదొకటి.

"రెండు నెలలని ఉంటే నేను కూడా దాని గురించే ఆలోచించేదాన్ని" అన్నారావిడ. "మూడున్నరేళ్లని ఉంటే చచ్చినా ఆలోచించను. నాడ్యులర్ ఫేసియైటిస్ మూడున్నరేళ్లు ఉండదు. సైనోవియల్ సార్కోమా ఉంటుంది. ఏళ్ల తరబడి నొప్పి లేకుండా, పెరుగుతోందో లేదో తెలియకుండా మోకాలి దగ్గర కూర్చుంటుంది. నీటి తిత్తి అనుకుంటారు, కండ కట్టిందనుకుంటారు."

పాత స్లైడ్లో మాత్రం తేడా కనిపించకపోలేదట. ఫేసియైటిస్‌లో కణాలు వదులుగా, చెదిరినట్టు ఉంటాయి, మధ్యలో ఎర్రకణాలు చిమ్మి ఉంటాయి. ఇక్కడ అంత ఒత్తు ఎందుకని ఆగాల్సింది. "ఆగాల్సిందే. కానీ ఆ ఫారం ఆగనివ్వలేదు."

ఆగితే ఏం చేస్తారని అడిగాను. రంగుల పరీక్షలు చేస్తారు. కణంలో ఏ ప్రొటీన్ ఉందో దానికి తగ్గ యాంటీబాడీతో పట్టుకోవడం. వాటిలోనూ మోసాలున్నాయి. కెరటిన్ చర్మానికీ గ్రంథులకూ చెందిన గుర్తు. అది సైనోవియల్ సార్కోమాలో అక్కడక్కడ, కొన్నే కణాల్లో కనిపిస్తుంది. సూదితో తీసిన సన్నటి ముక్కలో ఆ కొన్ని కణాలు పడకపోతే లేదనే అనుకుంటాం. నరాల గడ్డలకు గుర్తయిన ఎస్-100 కూడా ఈ సార్కోమాల్లో కొన్నిట్లో వెలుగుతుంది. అదొక్కటే చేసి చూసినవాళ్లు స్క్వానోమా అని రాసేస్తారు. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదు. చివరికి తేల్చేది క్రోమోజోముల పరీక్ష. ఎక్స్ క్రోమోజోములోని ముక్కా పద్దెనిమిదో క్రోమోజోములోని ముక్కా చోట్లు మార్చుకుని ఎస్ఎస్18, ఎస్ఎస్ఎక్స్ అనే జన్యువులు అతుక్కుని ఉంటాయి. ఆ పరీక్షకి ముక్క వేరే ఊరు వెళ్లింది. రెండు వారాలు. ఆ రెండు వారాలూ అప్ప విశాఖలో నా గదిలోనే ఉంది. నా పాత చీరలకి ఫాల్స్ కుట్టింది, చేత్తోనే.

ఆ రెండు వారాలూ నేను చదివాను. ఎంత చదివినా నన్ను లాగింది పేర్లే. సైనోవియల్ సార్కోమా అనే పేరే తప్పు. సైనోవియం అంటే కీలు లోపలి పొర. కీళ్ల దగ్గర ఎక్కువగా కనిపిస్తోంది కాబట్టి దానిలోంచే పుట్టిందనుకున్నారు. 1944లో న్యూయార్క్‌లో మార్గరెట్ ముర్రే, ఆర్థర్ స్టౌట్‌తోనూ ఇంకొకరితోనూ కలిసి ఈ గడ్డ కణాల్నీ మామూలు కీలుపొర కణాల్నీ గాజుపాత్రల్లో పక్కపక్కన పెంచి చూసింది. ఆ పొరకీ ఈ గడ్డకీ సంబంధం లేదని ఇప్పుడు తెలుసు, పేరు మాత్రం మారలేదు. ఇంకో పేరైతే ఏకంగా మాయమైపోయింది. 1970, 80లలో పెద్దవాళ్ల సార్కోమాల్లో ఎక్కువగా రాసిన పేరు మాలిగ్నెంట్ ఫైబ్రస్ హిస్టియోసైటోమా. 1992లో క్రిస్టఫర్ ఫ్లెచర్ అలాంటి సార్కోమాలు 159 మళ్లీ తీసి చూస్తే అందులో ఎక్కువ భాగానికి వేరే పేర్లు తేలాయి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోంచి ఆ పేరు తీసేశారు. అన్నేళ్లూ ఆ పేరుతో వైద్యం చేయించుకున్నవాళ్ల సంగతి ఏమిటని అడగాలనిపించింది. ఎవర్నడగాలి?

పీజీలో మా మాష్టారొకరు కవిత ముందు పెట్టి కవి పేరు చెప్పేవారు కాదు. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో అక్కర్లేదు, పాఠంలో ఉన్నదే చదవండి అనేవారు. స్త్రీవాదం చదువుకున్నాక నేను ఆ పద్ధతితో చాలా పోట్లాడాను. రాసిందెవరో, ఎక్కడ కూర్చుని రాసిందో తెలియకుండా స్త్రీల రచన అర్థం కాదన్నాను. ఆ పోట్లాటకి జవాబు పాథాలజీ గదిలో దొరుకుతుందని అనుకోలేదు. ఆవిడ రెండూ చేస్తారు. ముందు ఫారం బోర్లించి స్లైడ్ చూస్తారు, ఎవరో చెప్పిన మాట కంటికి అడ్డం రాకుండా. తర్వాత ఫారం చదివి స్లైడ్ మళ్లీ చూస్తారు. రెండూ పొసగకపోతే ఫోన్ తీస్తారు. "ఫారం ఖాళీగా వస్తే ఫర్వాలేదు, నాకు తెలియదని నాకు తెలుస్తుంది. తప్పు రాసి పంపితేనే కష్టం."

డాక్టర్లు దాన్ని హిస్టరీ అంటారు. మనిషి తన జబ్బు గురించి చెప్పుకున్న కథకి వాళ్లు పెట్టుకున్న పేరది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్లోనే చెప్పించుకుని 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు, 1986లో. ఆ పుస్తకం పేరు నా సిద్ధాంత గ్రంథంలో ఎన్నో పేజీల్లో వస్తుంది. అడిగితే చెప్తారు, వాళ్ల లెక్కలో చెప్తారు, ఫలానా పెళ్లి, ఫలానా తుపాను, ఫలానా కాన్పు అని. ఆ లెక్కను సంవత్సరాల్లోకి మార్చుకోవాల్సింది వినేవాళ్లు. ఇదంతా వివరంగా రాసినదాన్ని, డాబా మీద అప్ప కాలు చూపించినప్పుడు "ఎన్నాళ్ల నుంచి?" అని అడగలేదు. డాక్టరు అడిగాడు, కాకపోతే బావని. నేను అదీ అడగలేదు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'సవాలక్ష సందేహాలు' అప్పటికే నా అలమారాలో ఉంది. గర్భసంచి, రొమ్ము, నెలసరి అయితే నాకు స్త్రీల ఆరోగ్యమని గుర్తొచ్చేది. మోకాలి వెనక గడ్డ ఆ జాబితాలో లేదు నాకు.

డాక్టరు ఆ రోజు అప్పనే అడిగి ఉంటే అంతా వేరుగా జరిగేదా? ఖచ్చితంగా చెప్పలేను. "ఏమో, గుర్తు నేదండి" అని ఉండొచ్చు అప్ప. మగ డాక్టరు ముందు మోకాలి దాకా చీర జరపడానికే ఆమెకి మూడున్నరేళ్లు పట్టింది. బావనీ తప్పు పట్టలేను. అయినా ఆ గడి నన్ను వదలడం లేదు.

2023 అక్టోబరు చివర్లో రేడియేషన్ మొదలైంది, ఇరవై అయిదు రోజులు. తర్వాత ఆపరేషన్. మొదటి కోత అడ్డంగా ఉన్నందువల్ల ఈసారి తీయాల్సిన చర్మం చాలా ఎక్కువైంది. తొడ మీంచి చర్మం తెచ్చి అతికారు. మోకాలి వెనక నరం, రక్తనాళం రెండూ గడ్డకి ఆనుకునే ఉన్నాయి. కాలు ఉంచగలమో లేదో లోపలికెళ్లాక చూస్తామన్నారు. కాలు ఉంచారు. అరికాలు సగం మొద్దుబారింది. చెప్పు జారిపోయినా అప్పకి తెలియదు, వెనక నుంచి ఎవరో ఒకరు చెప్పాలి. మిషనుకి మోటారు బిగించాం. ఎడమ కాలితో నొక్కుతుంది. "కరెంటు పోతే నా పని కూడా ఆగిపోతంది" అని గొణుగుతుంది.

ఈ సార్కోమా తిరిగొస్తే ఎక్కువగా ఊపిరితిత్తుల్లోకి వస్తుంది, అదీ చాలా ఏళ్ల తర్వాత కూడా. అందుకని కొన్ని నెలలకోసారి ఛాతీ స్కానింగుకి విశాఖ రావాలి. సాలూరు వైపు నుంచొచ్చే బస్సెక్కి విజయనగరం, అక్కడ్నుంచి రైలు. ప్రతిసారీ జాకెట్ల సంచీ వెంట తెచ్చుకుంటుంది, వరండాలో కూర్చుని హుక్కులు కుడుతుంది.

మొన్నటిసారి వెళ్లినప్పుడు ఓపీలో కొత్త కుర్రడాక్టరున్నాడు. ఫైలు లావు చూసి, కళ్లజోడు పెట్టుకున్న నన్ను చూసి, "ఎప్పుడు మొదలైందండీ ఇది?" అని నన్నే అడిగాడు. నోరు తెరవబోయాను. ఆగి, కుర్చీ కొంచెం వెనక్కి జరిపాను. అతను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అప్ప చేతిలోని జాకెట్టు మడిచి సంచీలో పెట్టింది, కొంగు సర్దుకుంది.

"తిత్లీ తుపానొచ్చింది సూడండి, ఆ ఏడు సిరిమాను పండక్కి జాకెట్లు కుడతన్నాను..."

అతను పెన్ను పట్టుకుని, "ఏ సంవత్సరం అది?" అన్నాడు.

"2018" అన్నాను. నేను చెప్పింది అదొక్కటే. మిగతా అరగంటా అప్పే చెప్పింది.